నా వంతు దాటించండి

ముందు చిమచిమ.
కింది పెదవి ఎడమ మూల, ఎప్పుడూ అదే చోటు.
పాత అద్దెదారు చెప్పాపెట్టకుండా తిరిగొచ్చి
తాళంచెవి తిప్పుతున్నట్టు.
చీకట్లో నాలికతో తడిమి చూసుకున్నాను.
బయట పటగోనియా గాలి
రేకుల షెడ్డును పళ్ళతో పట్టి గుంజుతోంది.
తెల్లారితే ఏడువందల గొర్రెలు.

మా వైపు దీన్ని ఫుయేగో అంటాం, నిప్పు అని.
"నిప్పు లేచిందా, నీల్దా?" అంటారు
పొయ్యి గురించి అడిగినంత మామూలుగా.
మా అమ్మమ్మ వెల్లుల్లి రుద్దేది.
మేనత్త టూత్‌పేస్టు.
ఉన్ని బేళ్ళు కట్టే ఆబ్దోన్
కాగితం కాల్చిన మసి పూసుకుని
పది రోజులు మసి మూతితో తిరిగాడు.
పదకొండో రోజు దానంతటదే మానితే
మసి మహిమ అన్నాడు.

మందుల షాపావిడ మాత్రం
ట్యూబు బల్ల మీద పెట్టి, వదలకుండా పట్టుకుని చెప్పింది:
చిమచిమ అన్న గంటలోనే రాయాలి,
పొక్కు లేచాక రాస్తే
బస్సు వెళ్ళాక చెయ్యి ఊపినట్టే.
రోజుకి ఐదుసార్లు. వేలితో కాదు, దూదిపుల్లతో.
గిల్లకు. గిల్లిన చేత్తో కన్ను నలుపుకోకు.
"పోతుందా?" అన్నాను.
"పొక్కు పోతుంది. అది పోదు.
నరం మొదట్లో ముడుచుకుని పడుకుంటుంది.
ఎండో, గాలో, నిద్రలేని రాత్రో, ఏడుపో
ఏదో ఒకటి తలుపు కొడుతుంది."
ఆ నాలుగూ లేని చోట
గొర్రెబొచ్చు కత్తిరించే పని ఎక్కడుందో
ఆవిడ చెప్పలేదు.

పొద్దున ఐదింటికి మాతే.
ఒకటే సొరబుర్ర, ఒకటే ఇనప గొట్టం, పదకొండు నోళ్ళు.
పోసేది ముసలి తెర్తులియానో.
ఆయన చేతి చేదును కాదన్నవాళ్ళు లేరు.
నా దాకా వచ్చింది.
ఇక్కడ బుర్ర తిరిగిచ్చేస్తూ గ్రాసియాస్ అంటే
ఇక చాలు, నా వంతు దాటించండి అని.
ఒక్క గుక్కా తాగకుండానే ఆ మాట అన్నాను.
కత్తెరలు నూరే చప్పుడు ఆగిపోయింది.
మొన్న కూలి లెక్క దగ్గర ఆయనకీ నాకూ పడ్డ మాట
అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

స్కార్ఫు కిందికి లాగి చూపించాను.

తెర్తులియానో కళ్ళజోడు పెట్టుకున్నాడు.
పొట్టేలు పళ్ళు లెక్కపెట్టేవాడిలా వంగి చూశాడు.
"నిప్పే," అన్నాడు.
తర్వాత తన పై పెదవి చూపించి
"నాకు ఇక్కడ. పెళ్ళిరోజున లేచింది.
ఫోటోలన్నిట్లో మీసం సవరించుకుంటూనే ఉంటాను."
ఎవరో నవ్వారు. ఎవరో చెయ్యెత్తారు.
ఆబ్దోన్ ఎత్తాడు, వంటావిడ ఎత్తింది,
లెక్కపెడితే ఏడు చేతులు.
అయినా గొట్టం నాకివ్వలేదెవరూ, నేనడగనూ లేదు.
మర్నాడు నా బల్ల మీద
ఆవపిండి సీసా ఒకటి, పొడుగు మూత తీసేసి,
అందులో వేరే గొట్టం.
ముందు నాకు పోసి, తర్వాత వాళ్ళకి పోశాడు.

శనివారం నూట అరవై కిలోమీటర్లు నడిపి చెల్లెలింటికి వెళ్ళాను.
పిల్లకి తొమ్మిదో రోజు.
నా మూతికి గుడ్డ, రెండు చేతులూ సబ్బు వాసన.
"పట్టుకో" అంది రొసాల్బా.
తల అడ్డంగా ఊపాను.
పెద్దవాళ్ళకి ఇది నిప్పు,
పసికందుకి కార్చిచ్చు.
గుమ్మం పక్కన నిలబడే చూశాను.
అరికాలు నా బొటనవేలంత.
ముద్దొచ్చింది.
ముద్దు పెట్టలేదు.
పిల్ల ఆవులించింది,
ఇంకా లోకం తగలని ఆ కొత్త పెదవులతో.

ట్రక్కులోకొచ్చి అద్దం తిప్పుకుని
దూదిపుల్ల తీశాను.
ఇవాళ్టికి ఇది నాలుగోసారి.